సంగీత నాటకాన్ని ఎదుట కూర్చుని చూడటం ఎలా?

రికార్డింగులో ఎన్నోసార్లు విన్న పాటే అయినా, రంగస్థలం మీద నటి ఎదుట నిలబడి పాడుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అందుకు గొంతు ఒక్కటే కారణం కాదు. ఆ పాట అప్పటికప్పుడు పుడుతోందనీ, శ్రుతి తప్పినా మాట మరచినా వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదనీ పాడేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. న్యూయార్క్‌లో నాటకశాలలకు పేరుపొందిన బ్రాడ్‌వేలో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ అనే సంగీత నాటకం (మ్యూజికల్) 1988 నుంచి 2023 వరకు 13,981 సార్లు ప్రదర్శితమైంది. పాటలు అవే, మాటలు అవే, అయినా ఏ పూట ప్రదర్శన ఆ పూటదే. మొదటిసారి వెళ్లేవారు ఈ తేడాను పట్టుకోగలిగితే పెట్టిన డబ్బుకు పూర్తి ప్రతిఫలం దక్కినట్టే.

సీటు ఎంచుకునేటప్పుడు చాలామంది మొదటి వరుస కోసం ఎగబడతారు. అక్కడ ముఖకవళికలు స్పష్టంగా కనిపిస్తాయన్నది నిజమే గాని, పాతికమంది కలిసి చేసే నృత్యంలో వరుసలు ఎలా విడిపోతున్నాయో, మళ్లీ ఎలా కలుస్తున్నాయో కాస్త ఎత్తు నుంచి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి మొదటి బాల్కనీలో ముందు వరుసల నడిమి భాగాన్ని మించిన చోటు లేదని నా అభిప్రాయం. పక్క చివరి సీట్లు చవకగా దొరుకుతాయి, కాని అక్కడి నుంచి రంగాలంకరణలో ఒక వైపు కనిపించకపోవచ్చు. కొనేముందు ఆ సీటు గురించి రాసిన షరతును చదవాలి. చివరి నిమిషం దాకా ఆగగలిగినవారికి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి నడుస్తున్న టీకేటీఎస్ కౌంటరు ఉంది. అక్కడ ఆ రోజు ఆటలకు మిగిలిన టికెట్లను తగ్గింపు ధరకు అమ్ముతారు. లండన్‌లో అలాంటిదే లీస్టర్ స్క్వేర్‌లో ఉంది.

వెళ్లేముందు కథాసారం చదువుకోవాలి, ఎందుకంటే వేగంగా పాడే పాటల్లో సాహిత్యం అంతా మొదటి వినికిడిలోనే అందదు. పాటలన్నింటినీ కంఠస్థం చేసుకుని మాత్రం వెళ్లకండి. అలా వెళితే చెవి ఎదుటి గొంతును వదిలేసి రికార్డింగుతో పోల్చుకుంటూ కూర్చుంటుంది.

ఆలస్యంగా వచ్చినవారిని చాలా థియేటర్లలో తగిన విరామం దొరికే వరకు లోపలికి పంపరు. అదీగాక, తెర లేవకముందు ఆర్కెస్ట్రా వాయించే ప్రారంభ సంగీతంలో తర్వాత రాబోయే పాటల బాణీలు వినిపించడం చాలా నాటకాల్లో ఆనవాయితీ, కాబట్టి దాన్ని పోగొట్టుకోకూడదు.

ఆట మొదలయ్యాక గమనించవలసినవి చాలా ఉన్నాయి. మాటల మధ్య సంగీతం ఒకే చిన్న ముక్కను మళ్లీ మళ్లీ వాయిస్తుంటే, నటుడు సంభాషణ ముగించేదాకా కండక్టర్, అంటే వేదిక ముందు దిగువన ఉండి చేతి సైగలతో ఆర్కెస్ట్రాను నడిపించే వ్యక్తి, వేచి ఉన్నాడని అర్థం. ప్రేక్షకులు ఎక్కువసేపు నవ్వితే ఆ ఆవృత్తి పొడుగవుతుంది, అంటే మీ నవ్వు కూడా ఆ పూట సంగీతంలో కలిసిపోతుంది. కింది అంతస్తులో కూర్చుంటే విరామంలో వెనక్కి తిరిగి బాల్కనీ అంచు వైపు చూడండి. చాలా థియేటర్లలో అక్కడ చిన్న టీవీ తెరలు ఉంటాయి. వాటిలో కండక్టర్ చేతులు కనిపిస్తాయి కాబట్టే నటులు కిందికి చూడకుండా, మన వైపే చూస్తూ తాళం తప్పకుండా పాడగలుగుతారు. బైనాక్యులర్ ఉంటే నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట గింజంత మైకు కూడా కనిపించవచ్చు. ఇక మొదటి అంకంలో సంతోషంగా పాడిన బాణీ రెండో అంకంలో నెమ్మదిగా, మారిన మాటలతో తిరిగి వచ్చే ఘట్టం కోసం చెవి ఒగ్గి ఉండండి. సంగీత నాటకంలో కళ్లు చెమర్చేది చాలాసార్లు అక్కడే.

ఒక నటుడి బదులు వేరొకరు నటిస్తున్నారన్న చీటీ కార్యక్రమ పత్రికలో కనిపిస్తే నిరాశపడనక్కరలేదు. ఒక్కరే పలు బృంద పాత్రలు నేర్చుకుని, ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఏ పాత్రలోకైనా దిగే నటులు ఈ రంగంలో ఉంటారు. అలాంటివారు రంగం మీదికి వచ్చిన పూట తోటి నటుల్లో కూడా అదనపు చురుకుదనం కనిపిస్తుంది.

పాట పూర్తయ్యాక చప్పట్లు కొట్టండి, కాని చివరి స్వరం ఆగకముందే కాదు. వెంట పాడటం మాత్రం, వేదిక మీది నుంచి ఆహ్వానం వస్తే తప్ప, పక్కవాడి టికెట్టును పాడుచేయడమే.

నటులు నమస్కరించి వెళ్లాక కూడా ఆర్కెస్ట్రా వాయిస్తూనే ఉంటుంది. అది ముగిసేదాకా కూర్చుని వారికీ చప్పట్లు కొట్టండి. తర్వాత స్టేజి డోర్, అంటే నటులు వచ్చిపోయే తలుపు, దగ్గర నిలబడితే నటులు బయటికి వచ్చి కార్యక్రమ పత్రిక మీద సంతకం చేయవచ్చు. బ్రాడ్‌వేలో మామూలుగా వారానికి 8 ప్రదర్శనలు ఉంటాయి. రోజుకు రెండు ఆటలున్నప్పుడు మధ్యాహ్నం ఆట తర్వాత వారు విశ్రాంతి తీసుకోవడం సహజం కాబట్టి, సంతకం కావాలనుకునేవారు సాయంత్రం ఆటకే టికెట్టు కొనడం మంచిది.