లినక్స్‌లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవు: పాత పెళ్లి సీడీలను భద్రపరచుకునే విధానం

మన ఇళ్లలో ఒకప్పటి పెళ్లిళ్ల వీడియోలు చాలావరకు వీసీడీల (వీడియో సీడీల) మీద, ఆ తర్వాతి కాలానివి డీవీడీల మీద ఉన్నాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే లేదు కనుక, బయటి నుంచి తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవు ఒకటి కొనుక్కుని, ఉబుంటు లేదా డెబియన్ (రెండూ లినక్స్ రకాలే) ఉన్న కంప్యూటరుతో ఈ పని చేసుకోవచ్చు. డ్రైవుతో పాటు వచ్చే డ్రైవర్ సీడీ అవసరం లేదు, ఎందుకంటే కావలసిన మాడ్యూళ్లు (డ్రైవర్ భాగాలు) లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే దాని మూల ప్రోగ్రాములోనే ఉంటాయి. ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లను తెలుగులో పలికినట్టు రాశాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండోలో) మాత్రం వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ముందుగా కరెంటు సంగతి చూడాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తాయి. డిస్కు తిరగడం మొదలైన క్షణంలో మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, సొంత అడాప్టరు లేని హబ్‌కు తగిలించిన డ్రైవు టక్ టక్ మని శబ్దం చేస్తూ పదేపదే ఆగిపోవచ్చు. డ్రైవు పాడైందని అనుకునే ముందు దాన్ని నేరుగా కంప్యూటరు పోర్టుకే, వీలైతే పొట్టి కేబులుతో తగిలించి చూడండి.

తర్వాత టెర్మినల్ తెరిచి, 'సుడో డీమెసేజ్ మైనస్ డబ్ల్యూ' (డి, ఎం, ఇ, ఎస్, జి అక్షరాలు) నడుపుతూ డ్రైవును తగిలిస్తే, కెర్నెల్ దాన్ని గుర్తించిన వైనం వరుసగా కనబడుతుంది. ఆ వరుసల్లో 'ఎస్ఆర్0' అనే పేరు వస్తే డ్రైవు సిద్ధమైనట్టే. దాని పూర్తి చిరునామా స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఆర్0. యూఎస్‌బీ పరికరంగా కనబడి, ఎస్ఆర్0 మాత్రం రాకపోతే 'సుడో మాడ్‌ప్రోబ్ ఎస్ఆర్ అండర్‌స్కోర్ మాడ్' అని నడిపి చూడాలి. అనుమతి లేదన్న సందేశం వస్తే, మీ యూజరు పేరును 'సీడీరామ్' గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

డేటా సీడీ, డీవీడీలైతే ఫైల్ మేనేజరులో వాటంతట అవే తెరుచుకుంటాయి. ఖాళీ డిస్కులోనూ పాటల ఆడియో సీడీలోనూ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉండదు కనుక, అవి మౌంట్ కాకపోవడం, అంటే ఫోల్డరులా తెరుచుకోకపోవడం లోపం కాదు.

అసలు చిక్కు వీసీడీతోనే. మా ఇంట్లో పెళ్లి వీసీడీ పెట్టినప్పుడు ఫోల్డర్లు చక్కగా కనబడ్డాయి, 'ఎవిఎస్ఈక్యూ01' అనే పెద్ద ఫైలూ (చుక్క తర్వాత డి, ఎ, టి అక్షరాలు) కనబడింది. కాపీ చేయబోతే మాత్రం వెంటనే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చింది. డిస్కు మీద ఒక్క గీత కూడా లేదు. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు (డిస్కును విభజించిన చిన్న ముక్కకు) 2048 బైట్ల సమాచారం ఉంటే, వీసీడీలో వీడియో ఉన్న సెక్టార్లు మోడ్ 2 ఫారం 2 పద్ధతిలో 2324 బైట్లు మోస్తాయి. తప్పులు దిద్దే అదనపు బైట్ల చోటును కూడా వీడియోకే వాడుకోవడం వల్ల ఇది సాధ్యమైంది. లినక్స్ మాత్రం మౌంట్ చేసిన సీడీని 2048 బైట్ల లెక్కనే చదువుతుంది. అందుకే ఈ ఎర్రర్ చూసి డిస్కు చెడిపోయిందని దయచేసి పారేయకండి. 'వీసీడీఇమేజర్' ప్యాకేజీ స్థాపించి, డిస్కును అన్‌మౌంట్ చేసి, అందులోని 'వీసీడీఎక్స్‌రిప్' ప్రోగ్రాముకు 'మైనస్ మైనస్ సీడీరామ్ మైనస్ డివైస్' ఆప్షను ద్వారా డ్రైవు చిరునామా ఇస్తే, వీడియో అంతా ఎంపెగ్ ఫైళ్లుగా మీరున్న ఫోల్డరులోకి వస్తుంది. వాటిని వీఎల్‌సీ వీడియో ప్లేయరులో తెరిచి, మొదట్లోనూ మధ్యలోనూ చివర్లోనూ చూసి సరిచూసుకోవాలి.

డీవీడీలకు, ఫోటోల డేటా సీడీలకు ఫైళ్లను ఒక్కొక్కటిగా లాగి కాపీ చేయడం కంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా (డిస్కుకు యథాతథ నకలుగా) దించుకోవడమే మేలని నా అభిప్రాయం. దీనికి జీడీడీరెస్క్యూ ప్యాకేజీలోని 'డీడీరెస్క్యూ' తగిన సాధనం. మొదటిసారి 'మైనస్ ఎన్', 'మైనస్ బి 2048' ఆప్షన్లతో నడిపితే, కష్టమైన చోట్ల ఆగిపోకుండా తేలిగ్గా వచ్చే భాగమంతా ముందు దించుకుంటుంది. రెండోసారి 'మైనస్ బి 2048'ను అలాగే ఉంచి, 'మైనస్ డి', 'మైనస్ ఆర్3' ఇస్తే, మిగిలిన చోట్లకే వెళ్లి మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. డ్రైవు చిరునామా, ఐఎస్ఓ పేరు తర్వాత మూడో పేరుగా మ్యాప్‌ఫైలు ఇవ్వడం మరిచిపోవద్దు, ఎందుకంటే ఎంతవరకు చదివిందో గుర్తుంచుకునేది అదే. మధ్యలో ఆపి, డిస్కును మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచు వైపు తిన్నగా తుడిచి (గుండ్రంగా తుడిస్తే ట్రాకు వెంట గీతలు పడతాయి), లేదా అదే డిస్కును వేరే డ్రైవులో పెట్టి, అదే మ్యాప్‌ఫైలుతో కొనసాగించవచ్చు. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవడం అరుదేమీ కాదు. కొన్ని సీడీల్లో చిట్టచివరి రెండు సెక్టార్లు మాత్రమే రాకపోతే కంగారు పడనక్కర్లేదు. ట్రాక్ ఎట్ వన్స్ (ఒక్కో ట్రాకును విడిగా రాసే) పద్ధతిలో రాసిన డిస్కుల చివర అవి అలాగే ఉంటాయి.

పని ముగిశాక 'ఇజెక్ట్' కమాండుతో డిస్కు బయటికి తీయాలి. ట్రే రాకపోతే, ఆ డిస్కు ఫోల్డరులో తెరిచి ఉంచిన టెర్మినల్‌ను గానీ వీడియో ప్లేయరును గానీ మూసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే కేబులు తీసేసి, ట్రే ముందున్న సన్నని రంధ్రంలో నిటారుగా చేసిన పేపర్ క్లిప్పు నెమ్మదిగా నొక్కితే తెరుచుకుంటుంది.