ప్రభుత్వ బడిలో రాజ్యాంగం ఎలా చెప్పాలి? ప్రవేశికను ఆఖరికి ఉంచండి

నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం రాగానే ప్రార్థనలో అందరిచేతా ప్రవేశిక, అంటే రాజ్యాంగం మొదట్లో ఉండే పీఠిక, చదివిస్తాం. పిల్లలు గడగడా ఒప్పజెప్పేస్తారు, ఒక్క ముక్క బుర్రకెక్కదు. రాజ్యాంగాన్ని తయారు చేసిన రాజ్యాంగ సభ కూడా అధికరణల (ఆర్టికల్స్) సంగతి దాదాపు తేల్చుకున్నాకే, 1949 అక్టోబరు 17న, ప్రవేశిక మాటల మీద చర్చకు కూర్చుంది. మనమూ అదే వరసలో వెళ్దాం. ఎనిమిది, తొమ్మిది తరగతులకైతే ఐదారు పీరియడ్లు చాలు.

ముందు కాగితం తయారు చేసుకోండి. కేంద్ర న్యాయశాఖ సైట్లో రాజ్యాంగం తెలుగు పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. మొత్తం ప్రింట్ తీయకండి, మొదట్లోనే 395 అధికరణలు, అంత జిరాక్స్ ఖర్చు ఎవరిస్తారు? 14, 15, 17, 21ఎ, 24 అధికరణల్ని ఒకే కాగితం మీదికి తెచ్చి ఐదుగురికొకటి ఇవ్వండి. భాష గ్రాంథికంగా ఉంటుంది కాబట్టి ఒక్కోదాని కింద మామూలు మాటల్లో రెండు వాక్యాలు రాయండి, అసలు పాఠం మాత్రం తీసేయొద్దు.

మొదటి పీరియడ్ 15వ అధికరణ రెండో క్లాజుతో మొదలుపెట్టండి. కులం, మతం లాంటివి చూపించి ఎవరినీ అడ్డుకోకూడని చోట్లు అందులో పేరుపేరునా ఉంటాయి: దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. పిల్లలతో ఊరి మ్యాప్ గీయించి ఇవన్నీ గుర్తు పెట్టించండి. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: ఇంత పెద్ద దేశం రాజ్యాంగంలో బావి గురించి ఎందుకు రాయాల్సి వచ్చింది? జవాబు మీరు చెప్పేయకండి, ఇంటికెళ్లి నాయనమ్మనో తాతనో అడిగి రమ్మనండి. మర్నాడు ఏదో ఒక బెంచీ నుంచి టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి (దళితులకు వేరే గ్లాసు పెట్టడం) మాట వస్తుంది, అప్పుడు అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ చదివించండి. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త. ఏ పిల్లనీ లేపి "మీ ఇంట్లో ఇలా జరిగిందా?" అని అడగకూడదు. ఊరి సంగతిగానే మాట్లాడాలి, ఎవరైనా నవ్వితే అక్కడే ఆపాలి.

21ఎ లెక్కల క్లాసులాంటిది. 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు పదేళ్లలో ప్రయత్నించాలని 1950లో 45వ అధికరణ చెప్పింది. 2002లో 86వ సవరణ 21ఎ చేర్చి దాన్ని 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు హక్కు చేసింది, అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. బోర్డు మీద 1950, 2010 రాసి ఊరుకోండి, తీసివేత వాళ్లే చేసుకుంటారు. 24వ అధికరణ ఫ్యాక్టరీలు, గనులు, ప్రమాదకరమైన పనుల గురించే చెబుతుంది. "మరి పత్తి చేను, సార్?" అని ఎవరో ఒకరు అడగాలి, అడగకపోతే మీరే అడగండి. 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటోంది. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయం చేయడం లాంటి మినహాయింపులున్నాయి, అసలు గొడవంతా వాటి దగ్గరే.

తర్వాత ఓటింగ్. నాకు బాగా నచ్చే పీరియడ్ ఇదే. రాజ్యాంగ సభలో ప్రవేశికను "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ అనే సభ్యుడు సవరణ తెచ్చారు. దేవుడెందుకు, దేవత అనొచ్చుగా అన్నారు మరో సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి. నమ్మకం విషయంలో స్వేచ్ఛ ఇస్తామంటూనే అందరిమీదా ఒక నమ్మకం రుద్దడమేంటని హృదయనాథ్ కుంజ్రూ అడ్డుపడ్డారు. క్లాసును రెండు జట్లు చేసి వాదించనివ్వండి, చిట్టీలతో ఓటేయించండి, అప్పటిదాకా అసలు ఫలితం బయటపెట్టొద్దు: అనుకూలం 41, వ్యతిరేకం 68. మీరు ఎటువైపో మాత్రం చెప్పకండి, చెప్పారంటే పిల్లలు మీ మొహం చూసి ఓటేస్తారు.

ఇప్పుడు ప్రవేశిక తీయండి. 1949 నాటి పాఠం, ఇప్పటి పాఠం పక్కపక్కన పెట్టి తేడాలు వెతకమనండి. సామ్యవాద, లౌకిక, సమగ్రత అనే మాటలు 1976లో 42వ సవరణతో చేరాయని అప్పుడు చెప్పొచ్చు. మార్చకూడని పుస్తకం కాదన్నమాట అని వాళ్లే అంటారు.

స్లిప్ టెస్టులో ఖాళీలు పూరించమనొద్దు. ఒక సందర్భం ఇవ్వండి: ఊళ్లో పంచాయతీ బోరు దగ్గర ఒక వీధివాళ్లను మాత్రం ఆఖర్న పట్టుకోమంటున్నారు, ఏ అధికరణ వర్తిస్తుంది, సర్పంచికి అర్జీ ఎలా రాస్తారు? నంబరు తప్పు రాసినా అర్జీ సరిగ్గా ఉంటే మార్కులేయండి.