తడి రన్‌వే మీద దిగేటప్పుడు: కొత్త కో పైలట్లకు

సిమ్యులేటర్‌లో నా దగ్గరకు వచ్చే కొత్తవారిని బ్రేకుల గురించి తర్వాత అడుగుతాను. మొదట అడిగేది ఇది: "ఈ రన్‌వే మీద ఎక్కడిలోగా చక్రాలు ఆనకపోతే మళ్లీ పైకి లేస్తారు?" చాలామంది తడుముకుంటారు. ఆ జవాబు అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) మొదలుపెట్టక ముందే మీ నోటి మీద ఉండాలి. వానలో విమానం రన్‌వే దాటిపోయిన సంఘటనలు తీసి చూడండి, చాలావాటిలో చక్రాలు ఆనేసరికే సగం పని చెడిపోయి ఉంటుంది.

లెక్కతో మొదలుపెట్టండి. 140 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంలో సెకనుకు 72 మీటర్ల రన్‌వే వెనక్కి పోతుంది. మెత్తగా దింపాలన్న ఆశతో 5 సెకన్లు గాలిలో తేలితే 360 మీటర్లు పోయినట్లే. గాలి వెనుక నుంచి 10 నాట్లు వీస్తుంటే నేల మీద వేగం 150 నాట్లవుతుంది, బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 15 శాతం పెరుగుతుంది. బయలుదేరే ముందు వేసిన లెక్కను పట్టుకుని కూర్చోవద్దు. అప్పటి గాలి, అప్పటి బరువు, అప్పటి నీరు పెట్టి మళ్లీ వేయండి. రన్‌వే ఎంత జారుతుందో చెప్పే అంకెను రన్‌వే స్థితి కోడ్ అంటారు, అంకె తగ్గేకొద్దీ జారుడు ఎక్కువ. కోడ్ 5 అంటే నీరు 3 మిల్లీమీటర్లకు మించలేదని అర్థం. అది దాటితే నీరు నిలిచినట్లే, కోడ్ ఒక్కసారిగా 2కు పడిపోతుంది. కుండపోతలో ఆ తేడా రావడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే వాన జోరుగా ఉంటే 5 అని చెప్పినా 2కు కూడా లెక్క వేసి పక్కన పెట్టుకోండి. రన్‌వే చాలకపోతే దిగే ప్రయత్నమే వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 1344 వానలో, వెనుక గాలితో దిగింది. రన్‌వే పొడవు 8,858 అడుగులు. చక్రాలు ఆనవలసింది మొదటి 3,000 అడుగులలోపు. ఆనింది సుమారు 4,438 అడుగుల దగ్గర, అంటే సగం రన్‌వే అయిపోయాక. కొండ మీది రన్‌వే కావడంతో విమానం చివర దాటి లోయలోకి పడి విరిగిపోయింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. కో పైలట్ "గో అరౌండ్" (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) అన్నా విమానం పైకి లేవలేదనీ, ఆయన నియంత్రణ తన చేతిలోకి తీసుకోలేదనీ దర్యాప్తు నివేదిక రాసింది. కుడి సీటులో కూర్చునే మీరు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి.

కాబట్టి బ్రీఫింగ్‌లోనే కెప్టెన్‌తో మాట అనుకోండి: "సర్, ఫలానా టాక్సీవే దాటాక కూడా గాలిలోనే ఉంటే నేను గో అరౌండ్ అంటాను." టాక్సీవే అంటే రన్‌వే నుంచి పక్కకు చీలే దారి. అలా రన్‌వే పక్కన కంటికి కనిపించే గుర్తు ఏదో ఒకటి ఎంచుకోండి. ఆ మాట అనవలసి వస్తే గొణగవద్దు, గట్టిగా అనండి. కెప్టెన్ వయసు, అనుభవం, మీ మొహమాటం అక్కడ అడ్డు రాకూడదు. స్పందన లేకపోతే మీ సంస్థ నియమాల ప్రకారం నియంత్రణ తీసుకోండి. ఒకసారి గో అరౌండ్ మొదలుపెట్టాక మనసు మార్చుకోవద్దు. 1999లో బ్యాంకాక్‌లో క్వాంటస్ 1 కెప్టెన్ చక్రాలు ఆనే వేళ నిర్ణయం మార్చుకున్నారు. ఆ గందరగోళంలో రివర్స్ థ్రస్ట్ (వేగం తగ్గించడానికి ఇంజిన్ తోపును ముందువైపుకు మళ్లించడం) వాడనే లేదు, ఆ 747 విమానం రన్‌వే దాటిపోయింది.

చక్రాలు ఆనించేటప్పుడు మెత్తదనం కోసం చూడకండి. దృఢంగా, రెండు వైపులా ఆనించండి. 1993లో వార్సాలో లుఫ్తాన్సా ఎ320కి కుడి చక్రాలు ముందు ఆనాయి, ఎడమవి ఆనడానికి సుమారు 9 సెకన్లు పట్టింది. అంతవరకు స్పాయిలర్లు (రెక్కల మీద పైకి లేచే పలకలు), రివర్స్ రెండూ తెరుచుకోలేదు. స్పాయిలర్లు లేస్తేనే రెక్కల మీది బరువు చక్రాల మీదికి దిగుతుంది. అవి లేచాయో లేదో కళ్లతో చూసి పైకి చెప్పడం మీ పని.

నీటి మీద టైరు తేలే వేగాన్ని అంచనా వేయడానికి, టైరు పీడనపు వర్గమూలాన్ని 9తో గుణించండి. పీడనం 200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే అది సుమారు 127 నాట్లు. అంతకు మించిన వేగంలో బ్రేకుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు, రివర్స్ వెంటనే వేయాలి. పక్కగాలికి విమానం జారుతుంటే రివర్స్‌ను ఐడిల్‌కు (కనీస స్థాయికి) తగ్గించి, బ్రేకులు వదిలి, మధ్యగీత మీదికి తెచ్చాక మళ్లీ వేయండి. ఆగుతుందన్న నమ్మకం కుదిరేవరకు రివర్స్ మూయవద్దు. రన్‌వే చివరి భాగంలో అవతలి దిక్కు నుంచి దిగే విమానాల టైర్ల రబ్బరు పేరుకుని ఉంటుంది. తడిస్తే అక్కడే ఎక్కువ జారుతుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం దానికి ముందే పూర్తి చేయండి.