సంఖ్యను మూడు ఆధారంలో రాసి, దాని గుణాలను ఎలా పట్టుకోవాలి?

మూడు ఆధారంలో, అంటే టెర్నరీలో, ఉండేవి 0, 1, 2 అంకెలే. స్థాన విలువలు కుడి నుంచి ఎడమకు 1, 3, 9, 27, 81, 243... ఇలా మూడింతలవుతూ పోతాయి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. 500ను తీసుకుందాం.

మార్చడం

సంఖ్యను 3తో భాగించి శేషాన్ని పక్కన రాయండి. వచ్చిన భాగఫలాన్ని మళ్లీ 3తో భాగించండి. భాగఫలం 0 అయ్యేదాకా ఇదే పని.

500 ÷ 3 = 166, శేషం 2
166 ÷ 3 = 55, శేషం 1
55 ÷ 3 = 18, శేషం 1
18 ÷ 3 = 6, శేషం 0
6 ÷ 3 = 2, శేషం 0
2 ÷ 3 = 0, శేషం 2

శేషాలను కింది నుంచి పైకి చదవాలి: 200112. పైనుంచి కిందికి చదివితే 211002 అవుతుంది, అది 596. అనుమానముంటే స్థాన విలువలతో సరిచూసుకోండి: 486 + 9 + 3 + 2 = 500. ఈ లెక్క వేసిన కాగితం పారేయకండి, ఇంకా పనుంది.

సరా, బేసా?

చివరి అంకె చూసి చెప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు. టెర్నరీలో 10 అంటే మూడు, బేసి సంఖ్య! 3 ఘాతాలన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అంకెల మొత్తం సరి అయితే సంఖ్యా సరే. ఇంకా సులువుగా, 1లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 200112లో రెండున్నాయి, కాబట్టి సరి సంఖ్య.

భాజనీయత

చివర ఎన్ని సున్నాలుంటే అన్నిసార్లు 3తో నిశ్శేషంగా భాగించవచ్చు. 4 కోసం, బడిలో 11కు నేర్చుకున్న పద్ధతే: కుడి నుంచి కూడుతూ, తీసేస్తూ పోవాలి. 2 − 1 + 1 − 0 + 0 − 2 = 0. అంటే 500ను 4 భాగిస్తుంది. 13 కోసం కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి కూడాలి, ఎందుకంటే 27లోంచి 1 తీసేస్తే 26, అది 13 గుణిజం. 200 అంటే 18, 112 అంటే 14, మొత్తం 32. దీన్ని 13తో భాగిస్తే శేషం 6, 500కూ అంతే.

ఫ్యాక్టోరియల్ లోపలి మూళ్లు

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది. 1 నుంచి 500 దాకా ఉన్న సంఖ్యలన్నిటినీ గుణిస్తే, ఆ లబ్ధాన్ని 3తో ఎన్నిసార్లు నిశ్శేషంగా భాగించవచ్చు? ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ సూత్రం ప్రకారం సంఖ్యలోంచి టెర్నరీ అంకెల మొత్తాన్ని తీసేసి సగం చేయాలి: (500 − 6) ÷ 2 = 247. ఇప్పుడా కాగితం మీది భాగఫలాలను కూడండి: 166 + 55 + 18 + 6 + 2. అదీ 247! 166 అనేది 500 లోపు 3 గుణిజాల లెక్క, 55 అనేది 9 గుణిజాల లెక్క, 18 అనేది 27వి, అలా.

2 లేకుండా రాయడం

0, 1, −1లతోనూ ఏ సంఖ్యనైనా రాయొచ్చు. మాస్కో విశ్వవిద్యాలయంలో 1958లో బ్రుసెన్‌త్సోవ్ బృందం తయారుచేసిన సెతున్ కంప్యూటర్ ఈ పద్ధతిలోనే నడిచింది. కుడి నుంచి వస్తూ 2 కనిపించినచోట −1 రాసి, ఎడమ స్థానానికి 1 కలపండి. కలిపాక 2 అయినా అదే చేయాలి, 3 అయితే 0 రాసి 1 కలపాలి. అప్పుడు 500 = 729 − 243 + 27 − 9 − 3 − 1.

తక్కెడలో ఇదే లెక్క పనిచేస్తుంది. 500 గ్రాముల సరుకు ఉన్న పళ్లెంలోనే 243, 9, 3, 1 గ్రాముల రాళ్లు వేసి, రెండో పళ్లెంలో 729, 27 పెడితే ముల్లు మధ్యలో నిలుస్తుంది. 81 గ్రాముల రాయితో పనే లేదు.