పిల్లలకు చెవిపోటు వచ్చిన రాత్రి ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలో ఏ ఇంట్లో పిల్లలకు చెవిపోటు వచ్చినా ముందు పొయ్యి మీదకు నూనె గరిటె ఎక్కుతుంది. తెలుగువాళ్ల ఇంట్లో నువ్వుల నూనెలో వెల్లుల్లి, పక్కింటి ఒడియా మావుసి ఇంట్లో ఆవనూనెలో వెల్లుల్లి. నూనె మారుతుంది గాని పద్ధతి ఒకటే. నేనూ అదే చేశాను. 1996 శ్రావణంలో మా పెద్దమ్మాయికి నాలుగేళ్లు. నాలుగు రోజులుగా జలుబు. ఐదో రోజు రాత్రి కుడి చెవి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మా అత్త నూనె వెచ్చబెట్టి ఇచ్చింది, నేను పోశాను. తెల్లవారుజామున ఏడుపు ఒక్కసారిగా ఆగి నిద్రపోయింది. దిండు గలేబు మీద పసుపు మరక. నూనెకే నొప్పి తగ్గిందనుకుని ఇంకో వారం పూటపూటా పోశాను.

అసలు జరిగింది వేరు. లోపల చీము నిండి, ఆ ఒత్తిడికి కర్ణభేరికి చిల్లు పడింది. చీము బయటికి వచ్చేసింది కాబట్టి నొప్పి తగ్గింది. అలాంటి చిల్లు, చెవిని పొడిగా ఉంచితే చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే పూడుతుంది. నేను దాన్ని రోజూ నూనెతో తడిపాను. తర్వాత ఆరేళ్లు ఆ చెవి కారుతూనే ఉంది. జలుబు చేస్తే కారేది, ఏట్లో మునిగితే కారేది. బళ్లో టీచరు కుడివైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. చిన్న రైలెక్కి నౌపడా, అక్కడ పెద్ద రైలు మారి బరంపురం, ఎన్నిసార్లు తిరిగామో. చివరికి పదేళ్లప్పుడు ఆపరేషన్ చేసి, చెవి పైభాగం దగ్గర నుంచి పల్చటి పొర తీసి కర్ణభేరికి అతుకు వేశారు. ఇప్పుడు బాగానే వినిపిస్తుంది. కానీ ఆ ఆరేళ్లు నేను మర్చిపోలేదు. అందుకే ఎవరింట్లో పిల్ల చెవి పట్టుకుని ఏడుస్తోందన్నా నేను వెళ్లి కూర్చుంటాను. అక్కడ ఏం చేస్తానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అది ఏ నొప్పో తెలుసుకోవాలి. చెవి డొప్పను మెల్లగా వెనక్కి, పైకి లాగండి. చెవి రంధ్రానికి ముందు చిన్న మెత్తటి బొడిపె ఉంటుంది, దాన్ని వేలితో నొక్కండి. అలా లాగినా నొక్కినా పిల్ల కెవ్వుమంటే నొప్పి చాలావరకు బయటి చెవి దారిలోనే ఉంది. నీళ్లు నిలిచినా, పిన్నీసుతో గోకినా, లోపల సెగగడ్డ లేచినా ఇలాగే ఉంటుంది. లాగినా నొక్కినా పెద్ద తేడా లేకుండా, లోలోపల పోటు పొడుస్తూ, అంతకుముందు జలుబు, ఇప్పుడు జ్వరం ఉంటే అది కర్ణభేరి వెనకున్న నడిచెవి నొప్పి. ముక్కు వెనక నుంచి నడిచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు సులువుగా చెవికి పాకుతుంది. మాటలు రాని పసివాళ్లు చెప్పలేరు. పడుకోబెడితే ఏడుస్తారు, ఎత్తుకుంటే తగ్గుతారు, రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగి వదిలేస్తారు.

పెద్దవాళ్లయితే నోరు కూడా చూడాలి. పుచ్చిన దవడ పన్ను, గొంతులో పుండు, దవడ కీలు నొప్పి కూడా చెవిలోనే తెలుస్తాయి. మా ఆడపడుచు మూడు నెలలు చెవి చుక్కలు వేసుకుంది. పన్ను తీయించాక తగ్గింది.

రెండోది, నొప్పి తగ్గించడం. చెవిపోటుకు ఇంట్లో చేయగల అసలైన వైద్యం ఇదే. పిల్లలకు పారాసిటమాల్ సిరప్ బరువును బట్టి ఇవ్వాలి, వయసును బట్టి ఉజ్జాయింపుగా కాదు. కిలో బరువుకు ఒక మోతాదులో 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఆరు గంటల ఎడం ఉంచి, రోజుకు నాలుగు సార్లు మించకుండా. ఇక్కడే చాలామంది పొరపడతారు. అట్టపెట్టె మీద 5 మిల్లీలీటర్లలో ఎంత మందు ఉందో చదవండి. ఒక సీసాలో 120 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒకదానిలో 125, ఇంకోదానిలో 250. 12 కిలోల పిల్లకు 120 రకం అయితే 5 మిల్లీలీటర్లు సరిపోతాయి. 250 రకం అయితే 3 మిల్లీలీటర్లే. ఇందులో కూడా 5 మిల్లీలీటర్లు పోస్తే 120 రకంతో ఇచ్చే మందుకు రెట్టింపుకు పైగా పోసినట్టు. చుక్కల సీసాలో మందు ఇంకా చిక్కగా ఉంటుంది, దాని లెక్క వేరు. చెంచాతో కాకుండా సీసాతో వచ్చే కొలత మూతతో, లేదా సూది లేని సిరంజితో కొలవండి. మూడు నెలల లోపు పసివాళ్లకు డాక్టరు చెప్పకుండా ఏదీ ఇవ్వవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. డెంగీ జ్వరాలు తిరిగే రోజుల్లో ఐబుప్రొఫెన్ కూడా వద్దు.

మన గజపతి, రాయగడ జిల్లాల వైపు ఇంకొక సంగతి చూసుకోవాలి. ఇది మలేరియా నేల. చెవిపోటుతో పాటు చలితో జ్వరం వస్తే అంతా చెవి మీదే నెట్టేయకండి. ఊళ్లో ఆశా కార్యకర్త వేలి చివర చుక్క రక్తం తీసి అక్కడికక్కడే పరీక్ష చేస్తుంది. చేయించండి.

మందు పని చేసేలోగా కాపడం పెట్టండి. మా ఇంట్లో ఉప్పు మూట. గుప్పెడు కల్లుప్పు పెనం మీద వేయించి, పాత నూలు గుడ్డలో మూట కట్టి, పైన ఇంకో మడత చుట్టి, ముందు నా మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకుంటాను. నాకు హాయిగా ఉంటేనే పిల్ల చెవి వెనక, దవడ మీద పది నిమిషాలు ఆనిస్తాను. నిద్రపోయిన పిల్లకు మూట కట్టి వదిలేయకూడదు, చర్మం కాలుతుంది. వేడికి చిరాకు పడే పిల్లకు చల్లటి తడిగుడ్డ పెట్టినా ఫరవాలేదు. పడుకునేటప్పుడు తల కాస్త ఎత్తులో, నొప్పి చెవి పైకి ఉండాలి. కారుతున్న చెవి అయితే మాత్రం కిందికి ఉంచండి, చీము బయటికి పోతుంది.

ఇక చెవిలో పోసేవి. నూనె, వెల్లుల్లి రసం, తులసి రసం, చనుబాలు, ఉల్లిరసం, నెయ్యి రాసి సెగ చూపిన జిల్లేడు ఆకు పిండిన రసం, ఉమ్మెత్త ఆకు నూనె. ఇవన్నీ నేను చూసినవే, కొన్ని వాడినవే. నడిచెవి నొప్పికి ఇవి చేరేదే లేదు, మధ్యలో కర్ణభేరి అడ్డం ఉంది. కర్ణభేరికి చిల్లు ఉంటే చేరతాయి, అదే ప్రమాదం. ఉమ్మెత్త విషం. జిల్లేడు పాలు చర్మాన్ని, కంటిని మండిస్తాయి. పచ్చి వెల్లుల్లి చెవి దారిలో పొక్కులు తెస్తుంది. ఇంట్లో మిగిలిన పాత చుక్కల సీసా కూడా ఇంతే. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు చిల్లుపడ్డ చెవిలోకి దిగితే లోపలి చెవి దెబ్బతిని వినికిడే పోవచ్చు. డాక్టరు దీపం పెట్టి లోపల చూశాకే చుక్కలు.

పసిబిడ్డకు నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు చెవుల్లో, ముక్కుల్లో నూనె చుక్కలు వేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. అమ్మలారా, అత్తలారా, దయచేసి మానేయండి. ఒంటికి ఎంతైనా రాయండి, చెవి లోపలికి వద్దు.

నూనె పనికొచ్చే సందర్భం ఒకటుంది. చెవిలో పురుగు దూరినప్పుడు. లోపల గిలగిలలాడుతుంటే మనిషి పిచ్చెత్తిపోతాడు. ఆ చెవి పైకి ఉండేలా తల పక్కకు వాల్చి, ఒంటి వేడి ఉన్న కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే పురుగు చస్తుంది. తర్వాత ఆ చెవి కిందికి వచ్చేలా తల వాల్చి నూనె కారనివ్వండి. చల్లటిది పోసినా, వేడిది పోసినా కళ్లు తిరుగుతాయి. చెవి ఇదివరకు కారిందంటే ఇది కూడా వద్దు. పుల్లతో, చిమటాతో తీయబోకండి, మిగతాది ఆసుపత్రిలో.

చీము కారుతుంటే చేయాల్సింది ఒత్తి పెట్టడం. శుభ్రంగా ఉతికి ఎండలో ఆరిన మెత్తటి నూలు గుడ్డ ముక్కను చేతులు కడుక్కుని సన్నటి ఒత్తిలా పేనండి. చెవి డొప్ప వెనక్కి లాగి, ఒత్తి కొసను చెవి రంధ్రంలోకి మెల్లగా పెట్టి, తడిసేదాకా ఒక నిమిషం ఉంచండి. తీసి పారేసి కొత్తది పెట్టండి. ఒత్తి పొడిగా బయటికి వచ్చేవరకు ఇలాగే. రోజుకు మూడుసార్లు. అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈక, దూది చుట్టిన ప్లాస్టిక్ పుల్ల, వీటిలో ఏదీ లోపలికి వెళ్లకూడదు. దూది కుక్కి మూసేయకూడదు కూడా. స్నానానికి మాత్రం దూదికి వాజలిన్ పూసి చెవి ద్వారంలో పెట్టి, అయ్యాక తీసేయాలి.

వానాకాలంలో పిల్లలు మహేంద్రతనయ ఏట్లో గంటలు గంటలు ఈదుతారు. వద్దంటే వింటారా? ఇంటికి రాగానే తల అటూ ఇటూ వాల్చి నీళ్లు కార్చి, కొంగుతో బయటి చెవి తుడవండి చాలు. నొప్పి కంటే దురద ఎక్కువగా ఉండి, లోపల తెల్లటి పొర, నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. చెమ్మకు పెరుగుతుంది, నూనెకు ఇంకా పెరుగుతుంది. దానికి మందు వేరు.

పప్పు తింటే చీము పడుతుందని పిల్లలను పస్తుంచడం కూడా చూశాను. అందులో నిజం లేదు. గంజి, పప్పన్నం, గుడ్డు, తినగలిగింది పెట్టండి. తల్లిపాలు కూర్చుని, బిడ్డ తల ఎత్తులో పెట్టి ఇవ్వండి. సీసాపాలు పడుకోబెట్టి పట్టవద్దు. ఇంట్లో బీడీ, చుట్ట తాగే పెద్దలుంటే బయట అరుగు మీదకు వెళ్లాలి. ఆ పొగ ఉన్న ఇళ్లలో పిల్లలకు చెవి జబ్బులు ఎక్కువ.

ఎంతసేపు ఆగవచ్చు? రెండేళ్లు దాటిన పిల్లకు జ్వరం తక్కువగా ఉండి, మందుకు నొప్పి తగ్గుతూ, ఆడుకుంటూ ఉంటే రెండు మూడు రోజులు చూడవచ్చు. నడిచెవి నొప్పులు చాలావరకు ఆంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి, కాబట్టి డాక్టరు రాయకపోతే అడిగి రాయించుకోకండి. రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడండి. ఆరు నెలల లోపు బిడ్డ అయితే ఆగవద్దు. రెండేళ్ల లోపు పిల్లకు రెండు చెవులూ నొప్పి అయినా, చీము కారినా, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ (ఫారెన్‌హీట్‌లో 102) దాటినా అదే రోజు వెళ్లండి.

చెవి వెనక ఎర్రగా వాచి డొప్ప ముందుకు తోసుకొచ్చినా, మెడ బిగిసినా, మూతి ఒకవైపు లాగినా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా, పిల్ల మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్న పెద్దవాళ్లకు రాత్రిళ్లు నిద్రపట్టని చెవిపోటు వస్తే అది ఎముకకు పాకే జబ్బు కావచ్చు, మర్నాడే చూపించండి. నొప్పి లేకుండా ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా అంతే.

రెండు వారాలు దాటి చీము కారుతుంటే, ముఖ్యంగా కుళ్లు వాసన వస్తుంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. లోపల ఎముకను తినేసే జబ్బు నొప్పి లేకుండానే పెరుగుతుంది. అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడికి పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే డాక్టర్ల బృందానికి చెవి కారుతున్న సంగతి చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ఆ పథకంలో 18 ఏళ్ల లోపు పిల్లలకు చెవి జబ్బు, వినికిడి లోపం చూసి పెద్దాసుపత్రికి ఉచితంగా పంపుతారు. మా అమ్మాయి రోజుల్లో ఇది లేదు.

ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు. వంటింటి తలుపు వెనక కేలండర్ మీద ప్రతి నెలా వాళ్ల బరువు రాసి ఉంటుంది, అంగన్‌వాడీలో తూచిన రోజే రాస్తుంది. పక్కనే ఇంట్లో ఉన్న సిరప్ 120 రకమా 250 రకమా అన్నది, ఒక్కో పిల్లకు ఎన్ని మిల్లీలీటర్లన్నది ఎర్ర పెన్నుతో ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోయి పిల్ల ఏడుస్తున్నప్పుడు లెక్క వేయడం కుదరదు. మీరూ ఈరోజే రాసి పెట్టుకోండి.