సాక్షి విచారణ, 4వ పాఠం: ఖాళీ కూడా దృశ్యమే

ఈసారి జాగ్రత్, స్వప్న, సుషుప్తుల్లోకి, అంటే మెలకువ, కల, గాఢనిద్రల్లోకి వెళ్లాలి. కానీ పోయిన పాఠంలోని అభ్యాసం చాలామందిని ఒకేచోట ఆపేసింది. శరీరం నాకు తెలుస్తోంది, అందుకని నేను శరీరం కాను. ఆలోచన తెలుస్తోంది, అందుకని ఆలోచననూ కాను. ఇక్కడిదాకా అందరూ బాగానే వచ్చారు. తర్వాత కళ్లు మూసుకుని, చూసేవాడి కోసం, అంటే సాక్షి కోసం, లోపల వెతకడం మొదలుపెట్టారు. కొందరికి వెలుగు కనిపించింది. కొందరికి ఏమీ కనిపించక టెన్షన్ పట్టుకుంది. ఇంకొందరు ఆ ఏమీ లేకపోవడమే శుద్ధచైతన్యమని, అంటే ఏదీ అంటని ఎరుక అని, తేల్చేసుకున్నారు.

వెలుగు కనిపించిందంటే అది దృశ్యం, అంటే తెలియబడేదే, తెలుసుకునేది కాదు. ప్రశాంతత ఇంతకుముందు లేదు, ఇప్పుడు వచ్చింది, కాసేపటికి పోతుంది, అదీ దృశ్యమే. మరి ఖాళీ? అది తెలియకపోతే 'అంతా ఖాళీగా ఉంది' అని నాకెలా రాశారు? ఖాళీని ఎరిగినది ఖాళీ కాదు. 'నేను సాక్షిగా గమనిస్తున్నాను' అనేది కూడా మనసులో లేచిన ఒక వృత్తే, అంటే ఒక ఆలోచనే. తల వెనక ఇంకో చిన్న 'నేను'ను కూర్చోబెట్టి దానికి సాక్షి అని పేరు పెడితే, అహంకారానికి కొత్త వేషం వేసినట్టే. దయచేసి ఆ పని చేయకండి. సాధన ఏళ్ల తరబడి అక్కడే తిరుగుతుంది.

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షిని ప్రశ్నించిన ఉషస్తుడి పట్టుదలా ఇదే: ఆత్మను సాక్షాత్తుగా చూపించమంటాడు. 'చూపును చూసేవాణ్ణి నువ్వు చూడలేవు' అంటాడు యాజ్ఞవల్క్యుడు. వెంటనే 'ఇదే నీ ఆత్మ, అన్నిటికీ లోపలున్నది' అని కూడా అంటాడు. చాలామంది మొదటి మాట దగ్గరే దిగాలుపడిపోతారు. చూడలేకపోవడం లోపమేమీ కాదు. 'నేనున్నానా?' అని ఎవరైనా అడిగితే వెతికి వచ్చి జవాబు చెబుతారా?

'నేనున్నాను' అనే ఆ ఎరుకను ఎరిగేది ఇంకొకటి ఉండాలి కదా అంటే, దానికి మళ్లీ ఇంకొకటి కావాలి, ఎక్కడా ఆగదు. అందుకే వేదాంతం దాన్ని స్వయంప్రకాశం, అంటే తనంతట తానే తెలిసేది, అంది.

అభ్యాసం. కళ్లు మూసుకునే పద్ధతి నాకు అంతగా నచ్చదు. పనుల మధ్యే చేయండి. వారం పాటు, 'మర్చిపోయాను', 'నాకేమీ తోచలేదు' అని నోట వచ్చిన ప్రతిసారీ ఆగి, ఆ లేమి ఎలా తెలిసిందో చూడండి. రోజూ నిద్ర లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, గాఢనిద్ర గురించి రెండు వాక్యాలు రాయండి. ఛాందోగ్య ఉపనిషత్తులో ఇంద్రుడికి వచ్చిన సందేహం కూడా ఈ నిద్ర గురించే: అక్కడ తనను తాను ఎరగడు, నశించినట్టే ఉంటాడు, ఇందులో మేలేముంది అని గురువైన ప్రజాపతి దగ్గరికి తిరిగొచ్చాడు. మొత్తం 101 ఏళ్లు శిష్యరికం చేశాడు. మీ వాక్యాలు కూడా ఇంద్రుడిలా 'అక్కడ నేనే లేను' అంటున్నాయో లేదో చూసుకుని, అప్పుడు 5వ పాఠానికి రండి.