మెడికల్ బిల్లులు పెట్టే ముందు డాక్టరు నంబరు చూసుకోండి

గుంటూరు కొత్తపేటలో చూపించుకుని వచ్చారా? రీయింబర్స్‌మెంట్‌కి కాగితాలు పెట్టే ముందు ఒక్క పావుగంట కూర్చోండి.

- మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం చీటీ, సర్టిఫికెట్, రసీదు మూడింటి మీదా ఉండాలి. మా నాన్న ఆపరేషన్ కాగితాల్లో స్టాంపు సిరా అలుక్కుపోయి, 6 ఏదో 8 ఏదో తెలియలేదు. ఫైలు వెనక్కొచ్చింది. ఆ వయసులో ఆయన్ని మళ్లీ తిప్పాల్సి వచ్చింది. అందుకే కౌంటరు దగ్గరే వెలుతురులో పెట్టి చదవండి.

- నంబరు ఒక్కటే చాలదు, ఏ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఇచ్చిందో కూడా కావాలి. అదే అంకె ఇంకో రాష్ట్రంలో ఇంకో డాక్టరుకి ఉండొచ్చు. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. పేరు దొరకలేదని వెంటనే అనుమానపడొద్దు, ఇంటిపేరు స్పెల్లింగ్ మార్చి చూడండి. పళ్ల డాక్టర్లకు, ఆయుర్వేదం, హోమియో వాళ్లకు రిజిస్టర్లు వేరు.

- 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరు పేషెంటుది. ఫారంలో డాక్టరు నంబరు గడిలో అది రాయకండి.

- అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నప్పుడు అక్కడ చూపించుకుంటే బిల్లు మీద 10 అంకెల ఎన్‌పీఐ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. అది అక్కడి డాక్టర్లకు, ఆసుపత్రులకు ఇచ్చేది.

- ఒరిజినల్స్ ఇచ్చే ముందు అన్నీ జిరాక్స్ తీయించుకోండి.